ఆ ట్యూబు మీద ఎవరి పేరున్నది?

మన ఊళ్ళలో వైద్యము చాలా మారిపోయింది. ఒకప్పుడు నాడి పట్టుకొని, నాలుక చూచి, కనురెప్ప క్రిందికి లాగి చూచి మందు చెప్పేవారు. ఈనాడు జ్వరమని వెళ్ళినా, కళ్ళు తిరుగుతున్నాయని వెళ్ళినా, డాక్టరుగారు మొదట వ్రాసేది రక్త పరీక్ష. ఆ పరీక్ష కాగితము వచ్చిన తరువాతనే మందు. ఆపరేషను చేయాలా వద్దా అనేది ఆ కాగితమును బట్టియే. ఏ గ్రూపు రక్తము ఎక్కించాలి అనేది దానిని బట్టియే. "నీకు షుగరు లేదు, నిశ్చింతగా ఇంటికి వెళ్ళు" అనే మాట కూడా దానిని బట్టియే. కాగితము మీద అచ్చయిన అంకెను మనలో ఎవరమూ ప్రశ్నించము. యంత్రము చెప్పింది గదా అని నమ్ముతాము.

ప్రియ చదువరులారా, ఆ అంకె యంత్రములో పుట్టినది కాదు. అది మన చేతి నరము దగ్గర బయలుదేరి, సూది గుచ్చినవారు, పేరు వ్రాసినవారు, మోసుకొని వెళ్ళినవారు, పరీక్ష చేసినవారు, కాగితము అందించినవారు, ఇంతమంది చేతులు దాటి మన దగ్గరకు తిరిగి వస్తుంది. వీరిలో ఒక్కరు ఏమరినా, ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పుడు అంకెను శుభ్రముగా అచ్చువేసి యిస్తుంది. ల్యాబులో రోగి క్షేమము ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది, దానిని మన కుటుంబములు ఎట్లు గుర్తించగలవు అనే సంగతులను ఈ వ్యాసములో మీ యెదుట ఉంచుతున్నాము.

కాటా సరిచూచిన కథ

ల్యాబు పరీక్షలను ఎవరో పరీక్షించాలి అనే ఆలోచన పాతదే. 1947లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు ఒకే విధమైన నమూనాలను అనేక ఆసుపత్రుల ల్యాబులకు పంపి, వచ్చిన జవాబులను ప్రక్కప్రక్కన పెట్టి చూచారు. సరియైన జవాబులకంటె సరికాని జవాబులే ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అది వైద్యలోకమును కదిలించింది. 1950లో లెవీ, జెన్నింగ్స్ అనేవారు ల్యాబులో ప్రతిదినము గీసుకొనవలసిన ఒక పటమును రూపొందించారు. దాని పద్ధతి మన రైతులకు సులభముగా అర్థమవుతుంది. ధాన్యము కాటా వేసేముందు తెలిసిన బరువు రాయిని పెట్టి కాటాను సరిచూస్తాము గదా. అట్లే ఉదయమున రోగుల రక్తము పెట్టకముందు, ఎంత రావాలో ముందే తెలిసిన ఒక నమూనాను యంత్రములో పెడతారు. ఆ అంకె హద్దులలో వస్తేనే తరువాత పని. హద్దు దాటితే యంత్రమును సరిచేసేవరకు ఎవరి రిపోర్టూ బయటకు పోకూడదు.

మన దేశములో ఈ పనికి పేరెన్నిక గన్నది రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల. అక్కడి బయోకెమిస్ట్రీ విభాగమువారు దేశములోని అనేక ల్యాబులకు నమూనాలను పంపిస్తారు. ల్యాబులు వాటిని పరీక్షించి జవాబులు తిరిగి పంపాలి. తమ అంకె మిగిలినవారి అంకెలతో ఎంత కలిసిందో, ఎంత తప్పిందో ప్రతి ల్యాబుకు తెలియజేస్తారు. ఇట్టి పరీక్షకు తనను తాను ఒప్పగించుకొనే ల్యాబు తన తప్పును తెలుసుకోవడానికి ఇష్టపడే ల్యాబు అని మనము గ్రహించాలి.

ఇట్టి క్రమశిక్షణ వలన ఎక్కువ తప్పులు ఉండే చోటు మారింది. ఇటలీలోని పాడువా నగరపు ఆసుపత్రి ల్యాబులో జరిగిన పొరపాట్లను ప్లెబాని, కర్రారో అనే పరిశోధకులు లెక్కించి 1997లో ప్రకటించారు. యంత్రము దగ్గర జరిగినవి నూటికి 13 మాత్రమే. నమూనా యంత్రము వరకు చేరకముందు జరిగినవి నూటికి 68. పది సంవత్సరముల తరువాత 2007లో మరల లెక్క వేస్తే, ముందు జరిగినవి 62, యంత్రము దగ్గర 15. మిగిలినవి పరీక్ష ముగిసి జవాబు చేరేలోపు జరిగినవి. అంటే తప్పులలో ఎక్కువ భాగము సూది, చీటి, సంచి, తలుపు, ఫోను దగ్గర జరుగుతున్నవి. అవి మనము కళ్ళారా చూడగలిగిన చోట్లే.

రెండు పేర్ల కష్టము

మొదటి పొరపాటు పేరు దగ్గర. ఇది మన సంఘములలోని కుటుంబములకు విశేషముగా చెప్పవలసిన మాట. మనలో చాలామందికి రెండు పేర్లు. ఆధార్ కార్డు మీద వెంకటమ్మ, బాప్తిస్మమునాడు పెట్టిన పేరు మరియమ్మ. ఇంటిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకొకటి. ఆసుపత్రిలో చీటి ఒక పేరున వ్రాయించుకొని, ల్యాబు ముందు ఇంకొక పేరుతో పిలిస్తే పలుకుతాము. ఒకే వార్డులో ఇద్దరు మరియమ్మలు, ముగ్గురు ఏసురత్నములు ఉండడము మన ప్రాంతములో వింత కాదు. వయస్సు అడిగితే "ఉంటాయి నలభై, యాభై" అంటాము. ఇట్టి చోట పేరొక్కటే చూచి రక్తము తీస్తే ఏమి జరుగుతుందో ఆలోచించండి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన రోగి క్షేమ సూత్రములలో, ఏ నమూనా తీసేముందైనా కనీసము రెండు గుర్తులు సరిచూడాలని చెప్పింది. పేరుతో పాటు పుట్టిన తేదీ గాని, ఆసుపత్రి నంబరు గాని చూడాలి. మంచము నంబరు గుర్తుగా పనికిరాదు, ఎందుకంటే మంచములు మారుతుంటాయి.

అడిగే తీరులో కూడా తేడా ఉన్నది. "నీ పేరు సుశీలమ్మేనా?" అని అడిగితే, సరిగా వినబడని ముసలమ్మ దేనికైనా "ఆఁ" అంటుంది. "మీ పేరేమిటమ్మా?" అని అడిగి, ఆమె నోటితో చెప్పించాలి. రక్తము తీసిన వెంటనే, ఆమె యెదుటనే, ట్యూబు మీద పేరు, నంబరు, సమయము వ్రాయాలి. పది ట్యూబులు జేబులో వేసుకొని, బల్ల దగ్గరకు వెళ్ళి జ్ఞాపకముతో పేర్లు అంటించడము మిక్కిలి అపాయము.

దీనివలన ఏమి నష్టము అనుకోవద్దు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులను వివరించాడు. ఆ పనికి 1930లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది. ఆయన చూపించిన ప్రకారము, 'ఓ' గ్రూపు మనిషికి 'ఎ' గ్రూపు రక్తము ఎక్కితే శరీరము ఆ ఎర్ర కణములను పగులగొడుతుంది. మూత్రపిండములు దెబ్బతినవచ్చును, ప్రాణము పోవచ్చును. ట్యూబు మీది పేరు తారుమారైతే, ల్యాబులో గ్రూపు ఎంత సరిగా చూచినా అది మరియొకరి గ్రూపే అవుతుంది. అందువలన జాగ్రత్తగల చోట, మొదటిసారి రక్తము ఎక్కించేవారికి వేరొక సమయములో రెండవ నమూనా తీసి గ్రూపును సరిచూస్తారు. "మళ్ళీ ఎందుకు గుచ్చుతారు?" అని అప్పుడు మనము విసుగుకోకూడదు. ఆ రెండవ సూది మన బిడ్డ ప్రాణమునకు కాపలా.

సూది నుండి ల్యాబు వరకు

ట్యూబుల మూతలకు వేర్వేరు రంగులు అందము కోసము పెట్టలేదు. లేత ఊదారంగు మూత ట్యూబులో రక్తము గడ్డకట్టకుండా ఇ.డి.టి.ఎ. అనే మందు ఉంటుంది. కణములు లెక్కించడానికి అది. సాధారణముగా వాడే ఆ మందులో పొటాషియము ఉన్నది. ఆ ట్యూబులోని రక్తము కొంచెము వేరొక ట్యూబులో పోస్తే, పొటాషియము ఎక్కువగాను, కాల్షియము తక్కువగాను కనబడుతుంది. పొటాషియము గుండెకు సంబంధించిన అంకె. లేని ప్రమాదమునకు వైద్యము జరగవచ్చును, ఉన్న ప్రమాదము కప్పబడిపోవచ్చును. "ఇందులో తగ్గింది, అందులోనుండి కొంచెము పోద్దాము" అనే చిన్న సర్దుబాటు ఇంత పని చేస్తుంది.

చేతికి సెలైను ఎక్కుతుండగా అదే చేతినుండి రక్తము తీయడము ఇంకొకటి. రక్తము పలుచబడి, హిమోగ్లోబిను ఉన్నదానికంటె తక్కువగా వస్తుంది. ఎక్కేది గ్లూకోజు అయితే షుగరు ఎన్నో రెట్లు కనబడుతుంది. దానిని నమ్మి ఇన్సులిన్ ఇస్తే రోగి స్పృహ తప్పవచ్చును. రెండవ చేతినుండి తీయమని ఇంటివారు నెమ్మదిగా అడగవచ్చును.

ఇక ప్రయాణము. మన పల్లెలలో ఆర్.ఎం.పి. గారు ఉదయమున రక్తము తీసి, మోటారు సైకిలు మీద గాని, బస్సులో తెలిసినవారి చేత గాని పట్టణమునకు పంపుతారు. ట్యూబులో పడిన రక్తము చనిపోయిన వస్తువు కాదు. అందులోని కణములు చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వేరుచేయకుండా ఉంచిన రక్తములో గంటకు నూటికి 5 నుండి 7 వంతుల చక్కెర తగ్గిపోతుంది. ఎండవేడిమికి ఇంకా త్వరగా తగ్గుతుంది. పరగడుపున షుగరు 126, లేక అంతకు మించి ఉంటే మధుమేహముగా లెక్కిస్తారు. ఒక అన్నగారికి నిజముగా 150 ఉన్నదనుకొనండి. ఆ ట్యూబు నాలుగు గంటలు సంచిలో ఉంటే 115 ప్రాంతమునకు దిగుతుంది. యంత్రము సరిగానే కొలిచి 115 అని అచ్చువేస్తుంది. ఆయన సంతోషముగా ఇంటికి వెళ్ళి, సంవత్సరముల తరువాత కాలి పుండుతోనో, చూపు తగ్గియో తిరిగి వస్తాడు. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడు ఈ తగ్గుదలను చాలావరకు అరికడుతుంది. అదియు వెంటనే పూర్తిగా ఆపదు గనుక త్వరగా చేర్చడమే మేలు.

తెలంగాణలో 2018లో మొదలైన ప్రభుత్వ డయాగ్నొస్టిక్స్ పథకములో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో తీసిన నమూనాలు వాహనములలో పెద్ద ల్యాబుకు చేరుతాయి. ఇట్టి ఏర్పాటు పేదవారికి గొప్ప మేలు. అయితే ఆ మేలు చల్లని పెట్టె మీద, వేళకు వచ్చే బండి మీద ఆధారపడి ఉన్నదని మరువకూడదు.

కబురు చేరినదా?

పరీక్ష సరిగా జరిగినా, జవాబు వేళకు చేరకపోతే ఏమి లాభము? 1972లో లండ్‌బర్గ్ అనే అమెరికా వైద్యుడు ఒక పద్ధతిని వివరించాడు. కొన్ని అంకెలు ప్రాణాపాయమును తెలుపుతాయి. షుగరు బొత్తిగా పడిపోవడము, పొటాషియము మిక్కిలి పెరగడము, ప్లేట్‌లెట్లు అడుగంటడము అట్టివి. అవి కనబడిన నిమిషములోనే ల్యాబువారు కాగితము కొరకు ఆగకుండా డాక్టరుకు స్వయముగా తెలుపాలి. ఫోనులో విన్నవారు పేరు, అంకె తిరిగి చదివి వినిపించాలి. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎన్ని గంటలకు అనేది పుస్తకములో వ్రాయాలి. నేడు మంచి ల్యాబులన్నింటిలో ఈ నియమమున్నది.

మన దగ్గర ఈ గొలుసు తెగే చోటు తరచుగా చివరి లంకె. చీటిలో వ్రాసిన ఫోను నంబరు పట్టణములోని మేనల్లుడిది, అతడు పనిలో ఉంటాడు. రిపోర్టు బల్ల సొరుగులో ఉంటుంది. "రేపు సంతకు వెళ్ళినప్పుడు తెచ్చుకుందాములే" అని ఇంటివారు అనుకుంటారు. ఆ రాత్రే ప్రాణము మీదికి రావచ్చును.

"నేనే మార్చాను" అని చెప్పగలిగిన చోటు

ఇంతవరకు పద్ధతులను గూర్చి చెప్పాము. ఇప్పుడు వీటన్నిటికీ వేరువంటి సంగతికి వస్తున్నాము. ఒక దృశ్యమును ఊహించుకొనండి. సాయంకాలము. ల్యాబులో ఒక్కడే టెక్నీషియను, ఇరువది రెండేండ్లవాడు. ఉదయమునుండి కూర్చొనలేదు. చివరి ట్యూబులు సర్దుతుండగా, ఇద్దరి చీటీలు తాను అటుదిటు అంటించినట్లు అనుమానము కలిగింది. రిపోర్టులు అప్పటికే వెళ్ళిపోయాయి. అతడు చెప్తే యజమాని తిడతాడు, జీతము కోస్తాడు, ఉద్యోగమే పోవచ్చును. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అతడేమి చేస్తాడు?

అతని మంచితనము ఒక్కటే దీనికి జవాబు కాదు. క్రిందటిసారి తప్పు ఒప్పుకొన్న వానికి ఆ ల్యాబులో ఏమి జరిగిందో అదే చాలావరకు జవాబు. ఆ వ్యక్తిని అందరి యెదుట అవమానపరచి ఉంటే, ఇతడు నోరు మూసుకుంటాడు. "మంచిపని చేశావు, ఆ ఇద్దరికీ ఇప్పుడే ఫోను చేద్దాము, ఇది మరల జరగకుండా ఏమి మార్చాలో చూద్దాము" అని ఉంటే, ఇతడు పరుగెత్తుకొని వచ్చి చెప్తాడు. అక్కడ ఇద్దరు రోగులు బ్రతుకుతారు. రోగి క్షేమ సంస్కృతి అని పెద్దలు పిలిచేది దీనినే.

1999లో అమెరికా వైద్య సంస్థ ఒకటి వెలువరించిన నివేదిక, ఆ దేశపు ఆసుపత్రులలో వైద్యపు పొరపాట్ల వలన ఏటా 44,000 నుండి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. తప్పులు ఎక్కువగా చెడ్డవారి వలన గాక, చెడ్డ ఏర్పాట్ల వలన జరుగుతున్నవని ఆ నివేదిక సారాంశము. ఇంగ్లాండులోని జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2000లో దీనిని దోమలతో పోల్చాడు. ఒక్కొక్క దోమను కొట్టినంత మాత్రాన దోమలు తరగవు, అవి పుట్టే మురుగును ఎండగట్టాలి అని అతని భావము. ఒకే మనిషికి ముగ్గురి పని అప్పగించడము, చీటీలు దూరపు బల్ల మీద ఉంచడము, ఒకేరకపు ట్యూబులు కలిపి పెట్టడము, ఇవే ఆ మురుగు.

2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ సంస్కృతిని కొలవడానికి ప్రశ్నల పట్టిక తయారుచేసింది. తరువాత అనేక దేశములలో ఆసుపత్రులు, ల్యాబులు దానిని వాడుకొన్నాయి. ఉద్యోగులు పేరు చెప్పకుండా జవాబులు వ్రాస్తారు. పనికి తగినంతమంది ఉన్నారా? పెద్దవారి పనిలో పొరపాటు కనబడితే అడిగే ధైర్యమున్నదా? ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే వేళ సంగతులు సరిగా అప్పగిస్తున్నారా? తప్పు జరిగితే అది మన మీద రుద్దబడుతుందని భయమున్నదా? గత 12 నెలలలో ఎన్ని పొరపాట్లు వ్రాసి ఇచ్చారు? అమెరికాలో మొదటి సంవత్సరముల ఫలితములలో, తప్పు చెప్పినందుకు శిక్ష ఉండదని నమ్మినవారు సగముకంటె తక్కువ. అంత ధనికదేశములోనే ఇట్లుంటే, మన చిన్న పట్టణపు ల్యాబులోని కుర్రవాని భయమును మనము అర్థము చేసికొనవచ్చును.

అయితే ఒక భేదము చెప్పాలి. పొరపాటు వేరు, మోసము వేరు. రక్తమును సింకులో పోసి, పరీక్ష చేయకుండనే అంకెలు వ్రాసి ఇచ్చే చోట్లు ఉన్నవని మన దేశపు వైద్యులే బాధతో చెప్పుకొన్నారు. దానిని క్షమించి సర్దుకొనడము రోగికి ద్రోహము. నిజము చెప్పినవానికి కాపుదల, తెలిసి మోసగించినవానికి శిక్ష. రెండూ ఉంటేనే ల్యాబు నమ్మదగినది.

మన కుటుంబములు చేయగలిగినవి

ఒకటి, ఆసుపత్రిలో అంతటా ఒకే పేరు చెప్పండి. ఆధార్ మీద ఉన్న పేరే మేలు. పుట్టిన తేదీ ఒక చీటి మీద వ్రాసి ముసలివారి సంచిలో ఉంచండి.

రెండు, రక్తము తీసిన వెంటనే మీ యెదుటనే పేరు వ్రాశారా అని చూడండి. చదువు వచ్చిన పిల్లలుంటే పేరు చదివించండి.

మూడు, పరగడుపున అంటే కనీసము 8 గంటలు ఏమియు తినకుండా ఉండాలి. మంచినీళ్ళు త్రాగవచ్చును. టీ త్రాగి ఉంటే దాచవద్దు, చెప్పండి. వేసుకొనే మందులు కూడా చెప్పండి.

నాలుగు, క్షయ పరీక్షకు ఉమ్మి చాలదు. తెల్లవారుజామున లోతుగా దగ్గి తీసిన తెమడ కావాలి. మూత్ర పరీక్షకు మొదటి ధార వదిలి మధ్యది పట్టాలి.

అయిదు, ఇంటిలో పలికే ఫోను నంబరు ఇవ్వండి. రిపోర్టు ఆ దినమే తెచ్చుకొని డాక్టరుకు చూపించండి.

ఆరు, ఒంట్లో ఉన్నదానికి, కాగితము మీద ఉన్నదానికి పొంతన లేకపోతే, "మరల ఒకసారి చేయించవచ్చునా అండీ?" అని డాక్టరుగారిని అడగండి. అది అవమానించడము కాదు.

ఏడు, "మీరు బయటినుండి వచ్చే నమూనాలతో సరిచూచుకుంటారా? ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదా?" అని అడగండి. ఆ గుర్తింపు ఐ.ఎస్.ఓ. 15189 అనే ప్రమాణమును బట్టి ఇస్తారు. తీసుకొనడము ల్యాబువారి ఇష్టము. అది లేని చిన్న ల్యాబులన్నీ చెడ్డవని అర్థము కాదు. అడిగినప్పుడు కోపపడకుండా వివరించేవారు సాధారణముగా జాగ్రత్తగలవారు.

మన సంఘములలోని ఎందరో బిడ్డలు డి.ఎం.ఎల్.టి. చదివి ల్యాబులలో పనిచేస్తున్నారు. తలిదండ్రులారా, వారు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత అని మాత్రమే గాక, పని ఎట్లున్నది, సూదులు పారవేయడానికి గట్టి డబ్బా ఉన్నదా, చేతి తొడుగులు ఇస్తున్నారా, హెపటైటిస్ బి టీకా వేయించారా అని కూడా అడగండి. తన క్షేమమును ఎవరూ పట్టించుకోని చోట పనిచేసేవాడు పరుల క్షేమమును కాపాడడము కష్టము. ల్యాబులు నడిపే సహోదరులారా, మీ దగ్గర తప్పు చెప్పుకొన్న కుర్రవానిని మీరు ఏమన్నారో మిగిలినవారందరూ చూస్తున్నారు.

2019 నుండి ప్రతి సెప్టెంబరు 17వ తేదీని ప్రపంచ రోగి క్షేమ దినముగా పాటిస్తున్నారు. 2024లో రోగమును సరిగా కనుగొనడమునే ఆ దినమునకు అంశముగా ఎంచుకొన్నారు. ఈ సంవత్సరము ఆ దినము వచ్చినప్పుడు, స్త్రీల సమాజములోను, యౌవనస్థుల కూడికలోను ఈ ఏడు మాటలను ఒకసారి చదివి వినిపించండి. ల్యాబులో పనిచేసే బిడ్డ ఎవరైనా ఉంటే లేచి తన పనిని గూర్చి చెప్పమనండి. వినేవారు ప్రశ్నలు అడగడము అక్కడే నేర్చుకుంటారు.